కోతకు ముందే గుండె లోపలికి చూపు

కొద్ది నెలల వయసులో శస్త్రచికిత్స బల్ల మీదికి చేరే శిశువు గుండె దాదాపు ఆ శిశువు పిడికిలంత ఉంటుంది. ఆ పిడికిలిలోనే రెండు కర్ణికలు, రెండు జఠరికలు, నాలుగు కవాటాలు, వాటి నుండి బయలుదేరే ధమనులు, వాటిలోకి వచ్చి చేరే సిరలు అన్నీ ఇమిడి ఉంటాయి. పుట్టుకతోనే వాటి అమరిక తప్పినప్పుడు దానిని సరిదిద్దవలసిన శస్త్రవైద్యునికి చోటూ తక్కువే, సమయమూ తక్కువే. రక్తాన్ని గుండె–ఊపిరితిత్తుల యంత్రానికి మళ్లించి, పొటాషియం కలిసిన ద్రవంతో గుండెను నిలిపివేసిన తరువాతనే లోపలి పని మొదలవుతుంది. గుండె ఆగి ఉన్న ప్రతి నిమిషమూ దాని కండరానికి భారమే.

బయటివారికి అంతగా తెలియని చిక్కు మరొకటి ఉంది. ఆగిన గుండెలో రక్తం ఉండదు. నీరు తీసేసిన తోలుసంచి వలె అది ముడుచుకుపోతుంది. కొట్టుకుంటున్నప్పుడు నిండుగా ఉబ్బి ఉన్న గదుల ఆకారం అప్పుడు కనిపించదు. రంధ్రం ఎంత వెడల్పు, కవాటపు తాళ్లు ఎటు సాగి ఉన్నాయి, ధమని ద్వారం ఏ వైపు తిరిగి ఉంది అనే విషయాలు గుండె నిండి ఉన్న స్థితిలో ఒక విధంగా, ముడుచుకున్న స్థితిలో మరొక విధంగా తోస్తాయి. అందువలన గుండె శస్త్రచికిత్సలో ముఖ్యమైన నిర్ణయాలు అనేకం ఛాతీ తెరవకముందే జరిగిపోవాలి. ఆ నిర్ణయాలకు సాయపడేందుకే కొన్ని ఆసుపత్రులు వర్చువల్ రియాలిటీని, అనగా కంటికి కట్టుకున్న పరికరం ద్వారా లేని వస్తువును ఎదుట ఉన్నట్లే చూపించే విద్యను, వాడుకలోకి తెచ్చాయి.

ఇంతకాలం ఈ పని ఎలా జరిగింది? సి.టి. స్కాన్ గానీ ఎం.ఆర్.ఐ. గానీ గుండెను పలుచని అడ్డుకోతలుగా చిత్రించి ఇస్తుంది. నలుపు తెలుపుల్లో వందలకొద్దీ బొమ్మలు వస్తాయి. హృద్రోగ నిపుణుడు, రేడియాలజిస్టు, శస్త్రవైద్యుడు కలిసి కూర్చుని వాటిని ఒకదాని తరువాత ఒకటిగా తిరగవేస్తూ, మనసులో ఒక నిండు గుండెను నిర్మించుకుంటారు. పనసకాయను అడ్డంగా పలుచని బిళ్లలుగా కోసి, ఆ బిళ్లలను మాత్రమే వరుసగా చూపించి, లోపల ఏ తొన ఏ తొనకు ఆనుకుని ఉందో చెప్పమంటే ఎంత కష్టమో ఇదీ అంత కష్టమే. ఏళ్ల తరబడి అనుభవం ఉన్నవారికి అది అలవడుతుంది. కానీ ఒకరి మనసులోని గుండె, పక్కన కూర్చున్న మరొకరి మనసులోని గుండె ఒక్కటేనా కాదా అని సరిచూసుకునే మార్గం వారికి లేకపోయింది.

రెండు కన్నులకు రెండు వేర్వేరు బొమ్మలు చూపితే మెదడు వాటిని కలిపి లోతును సృష్టించుకుంటుందని చార్లెస్ వీట్‌స్టన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 1838లోనే తన స్టీరియోస్కోపు పరికరంతో నిరూపించాడు. తిరునాళ్లలో పిల్లలు కన్నులకు ఆనించి చూసే బొమ్మల పెట్టెలలో కొన్ని ఆ సూత్రం మీదనే పనిచేస్తాయి. తలకు తగిలించుకునే పరికరానికి కంప్యూటరును జతచేసి, తల తిప్పిన కొద్దీ దృశ్యమూ మారేలా 1968లో ఐవన్ సదర్లండ్ చేసి చూపించాడు. దేహాన్ని కోయకుండానే అడ్డుకోతల చిత్రాలు తీసే సి.టి. పద్ధతి 1971లో తొలిసారి ఒక రోగికి వినియోగమైంది. దాని రూపశిల్పులు హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్‌లకు 1979లో నోబెల్ బహుమతి దక్కింది. ఈ విద్యలలో ఏదీ కొత్తది కాదు. అవి ఒకచోట చేరి ఆసుపత్రి గదిలోకి రావడమే కొత్త. చాలాకాలం వరకు అందుకు అడ్డుపడిన వాటిలో ధర ఒకటి. ఆటల కోసం తయారైన చౌక పరికరాలు మార్కెట్టులోకి రాకపోయి ఉంటే ఈ వ్యాసానికి విషయమే ఉండేది కాదు.

ఆ చౌకదనం ఎంత దూరం తీసుకువెళ్లగలదో 2015 డిసెంబరులో అమెరికాలోని మయామీ నగరంలో తెలిసింది. అక్కడి నిక్లాస్ బాలల ఆసుపత్రికి నాలుగు నెలల ఆడశిశువును తీసుకువచ్చారు. ఆ శిశువుకు ఎడమ ఊపిరితిత్తి లేదు. గుండెలో సగభాగమే ఏర్పడింది. చేయగలిగింది ఏమీ లేదని మరొకచోట వైద్యులు చెప్పి ఇంటికి పంపివేసిన బిడ్డ ఆమె. మయామీలో శస్త్రవైద్యుడు రెడ్మండ్ బర్క్, ఆయన సహచరుడైన హృద్రోగ నిపుణుడు హువాన్ కార్లోస్ మునిజ్ ఆమె గుండెకు నమూనా తయారుచేయదలచారు. ఆసుపత్రిలోని త్రిమితీయ ముద్రణ యంత్రం ఆ సమయంలో చెడిపోయి ఉంది. అప్పుడు మునిజ్ ఆ చిత్రాలను ఒక సెల్‌ఫోనులోకి ఎక్కించి, ఫోనును గూగుల్ కార్డ్‌బోర్డ్ అనే అట్టపెట్టెలో అమర్చి బర్క్ చేతికి ఇచ్చాడు. రెండు కటకాలు, మడత పెట్టిన అట్ట తప్ప అందులో మరేమీ లేదు.

ఊపిరితిత్తి లేని ఖాళీలోకి ఒరిగి ఆ శిశువు గుండె పూర్తిగా ఎడమవైపుకు జరిగిపోయి ఉంది. మామూలుగా ఛాతీ నడుమ నిలువుగా పెట్టే కోత నుండి దానిని అందుకోవడం సాధ్యం కాదేమోనని, ఛాతీకి అడ్డంగా పెద్ద కోత పెట్టవలసి వస్తుందేమోనని బర్క్ మొదట శంకించాడు. అంతటి కోతను అంత చిన్న దేహం తట్టుకోవడం కష్టం. అట్టపెట్టెలో చూస్తూ, తల అటూ ఇటూ తిప్పుతూ, పరికరం ఏ కోణంలో లోపలికి పోగలదో ఊహించుకుని, నడిమి కోతే చాలునని ఆయన నిశ్చయించాడు. శస్త్రచికిత్స ఆ ప్రకారమే జరిగింది, శిశువు బ్రతికింది. శిశువును కాపాడింది అట్టపెట్టే అని కొన్ని పత్రికలు వ్రాశాయి, అది సరికాదు. కాపాడినది శస్త్రవైద్యుని చేయి, దాని వెనుక ఉన్న అనుభవం. కానీ ఆ చేతికి దారి ముందే కనిపించింది, అది చిన్న సంగతి కాదు.

నేడు ఈ పని కోసం వాడే పరికరాలు అట్టపెట్టె కన్నా చాలా మెరుగైనవి. పద్ధతి మాత్రం మౌలికంగా అదే. ముందుగా రోగికి సిరలోకి వర్ణద్రవ్యం ఎక్కించి సి.టి. తీస్తారు. గుండె కొట్టుకోవడం వలన బొమ్మ చెదరకుండా ఈ.సి.జి. తరంగంతో యంత్రాన్ని జతచేసి, గుండె చక్రంలో ఒకే దశలో ఉన్న క్షణాలను ఏరి చిత్రిస్తారు. ఒక్కొక్క అడ్డుకోత మందం మిల్లీమీటరు కన్నా తక్కువ. వర్ణద్రవ్యం కలిసిన రక్తం తెల్లగా, కండరం బూడిదరంగులో కనిపిస్తుంది. ఆ తేడాను ఆధారం చేసుకుని ఏది రక్తమో, ఏది గోడో, ఏది ఎముకో, ఏది ఊపిరితిత్తో విడదీయాలి. దీనిని విభజన అంటారు. కంప్యూటరు కొంత చేసిపెడుతుంది. మిగిలినది శిక్షణ పొందిన మనిషి కూర్చుని ఒక్కొక్క అంచు సరిచూస్తూ చేయవలసిందే. చిక్కైన గుండెకు గంటలు పడుతుంది.

ఈ దశను గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే పొరపాటు పుట్టేది ఇక్కడే. తెలుపుకూ బూడిదరంగుకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఒక సంఖ్య మీద ఆధారపడి ఉంటుంది. ఆ సంఖ్య కొంచెం అటు జరిగితే పలుచని గోడ మాయమై, లేని రంధ్రం కనిపిస్తుంది. ఇటు జరిగితే ఉన్న రంధ్రం పూడిపోతుంది. కళ్లకు పరికరం పెట్టుకుని చూసేవారికి ఆ రంధ్రం ఎంతో నిజంగా, చేయి పెడితే తగిలేలా తోస్తుంది. నలుపు తెలుపు బొమ్మలో సందేహం సందేహంగానే కనిపించేది. ఇక్కడ సందేహం కూడా నిశ్చయం వేషం వేసుకుని వస్తుంది. అందువలననే అనుభవజ్ఞులైన బృందాలు నమూనాను చూసిన తరువాత మళ్లీ మూలచిత్రాల దగ్గరకు వెళ్లి సరిచూసుకుంటాయి.

విభజన పూర్తయిన పిమ్మట ఆ గుండె కంటి ఎదుట గాలిలో తేలుతుంది. పిడికిలంత గుండెను గదియంత చేసి అందులోకి నడిచి వెళ్లవచ్చు. చేతిలోని మీటతో దానిని తిప్పవచ్చు, కత్తితో కోసినట్లు ఏ తలంలోనైనా కోసి లోపలికి చూడవచ్చు, మళ్లీ మూయవచ్చు. రంధ్రం వెడల్పు, అక్కడి నుండి ధమని ద్వారానికి ఉన్న దూరం కొలవవచ్చు. అతుకు వేయవలసిన చోట ఎంత ముక్క కావాలో ముందే అంచనా వేయవచ్చు. అన్నిటికన్నా విలువైనది, ఇద్దరు ముగ్గురు వైద్యులు ఒకే గుండెను ఒకే సమయంలో చూస్తూ, వేలు పెట్టి చూపుతూ వాదించుకోవచ్చు. మునుపు ఒక్కొక్కరి మనసులో వేరువేరుగా ఉన్న గుండె ఇప్పుడు అందరి నడుమ ఉంది.

ఎటువంటి రోగికి ఇది అవసరం? గుండె నడిమి గోడలో మామూలు రంధ్రం ఉన్న బిడ్డకు ఇదేమీ అక్కరలేదు. ఎకో పరీక్షతోనే అక్కడ కావలసినదంతా తెలుస్తుంది. అవసరం ఎక్కడ పడుతుందో తెలియడానికి ఒక్క లోపాన్ని తీసుకుంటే చాలు.

సహజమైన గుండెలో కుడి జఠరిక నుండి పుపుస ధమని ఊపిరితిత్తులకు, ఎడమ జఠరిక నుండి బృహద్ధమని దేహానికి బయలుదేరుతాయి. కొందరు శిశువులలో ఈ రెండు ధమనులూ కుడి జఠరిక నుండే పుడతాయి. అటువంటప్పుడు ఎడమ జఠరికకు సొంత ద్వారం ఉండదు. నడిమి గోడలోని రంధ్రమే దానికి దారి. అనగా ఈ బిడ్డకు రంధ్రమే ప్రాణాధారం, దానిని మూసివేస్తే బిడ్డ బ్రతకదు. శస్త్రవైద్యుడు చేయవలసినది రంధ్రం నుండి బృహద్ధమని వరకు గుండె లోపలనే ఒక సొరంగం కట్టి, ఎడమ జఠరికలోని శుద్ధరక్తాన్ని దాని గుండా నడిపించడం. రంధ్రం బృహద్ధమని కిందనే ఉంటే సొరంగం పొట్టిది, పని సుగమం. పుపుస ధమని కింద ఉంటే పద్ధతి మారుతుంది. హెలెన్ టాసిగ్, రిచర్డ్ బింగ్ 1949లో వర్ణించిన లోపం ఈ కోవకు చెందినదే. ఇక రంధ్రం రెంటికీ దూరంగా ఉంటే సొరంగం పొడవై, మలుపులు తిరిగి, కొన్నాళ్లకు ఇరుకైపోయే ప్రమాదం ఉంది. దారిలో కవాటపు తాళ్లు అడ్డుగా ఉంటే పని మరింత కష్టమవుతుంది.

సొరంగం కుదరదని తేలితే మిగిలిన మార్గం వేరు. రెండు జఠరికలనూ కలిపి ఒక్కటిగానే లెక్కించి, దేహం నుండి వచ్చే చెడురక్తాన్ని గుండెను తాకకుండా నేరుగా ఊపిరితిత్తులకు మళ్లించే పద్ధతి అది. ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు ఫ్రాన్సిస్ ఫాంటన్ 1971లో ప్రకటించిన ఆ పద్ధతి వేలమంది పిల్లలకు ఆయుష్షు పోసింది. కానీ అది సర్దుబాటే గాని సంపూర్ణమైన దిద్దుబాటు కాదు. ఏళ్లు గడిచిన కొద్దీ కాలేయం మీద, గుండె లయ మీద దాని భారం పడుతుంది. సొరంగం సాధ్యమా కాదా అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు మీద ఆ బిడ్డ జీవితం మొత్తం ఆధారపడి ఉంటుంది. ఈ ప్రశ్న ఎదురైనప్పుడే, చదునైన చిత్రాలలో అస్పష్టంగా ఉన్న దారి వర్చువల్ రియాలిటీలో కనిపించవచ్చు. లేదా లేదని తేటతెల్లం కావచ్చు. రెండవది కూడా మేలే. ఛాతీ తెరిచి, గుండె ఆపి, అప్పుడు తెలుసుకోవడం కన్నా ముందే తెలియడం మంచిది.

పెద్దవారి విషయంలోనూ దీని ఉపయోగం పెరుగుతున్నది. తొడలోని రక్తనాళం గుండా గొట్టం పంపి కొత్త కవాటాన్ని అమర్చే చికిత్సలో ఏ పరిమాణపు కవాటం సరిపోతుంది, అది పక్కనున్న హృదయ ధమని ద్వారాన్ని మూసివేయదు కదా అని ముందుగా చూసుకోవడానికి ఇటువంటి నమూనాలు పనికివస్తాయి.

ప్లాస్టిక్కుతో ముద్రించిన గుండె నమూనా మరొక మార్గం. దానిని చేతిలోకి తీసుకుని, కోసి, కుట్టి సాధన కూడా చేయవచ్చు. వర్చువల్ గుండెకు ఆ స్పర్శ లేదు. అయితే ముద్రణకు సమయమూ ఖర్చూ ఎక్కువ, ఒకసారి కోసిన నమూనా మళ్లీ అతకదు. చాలాచోట్ల రెండింటినీ అవసరాన్ని బట్టి వాడుతున్నారు.

పరిమితులు దాచవలసినవి కావు. కవాటపు రెక్కలు కాగితం వలె పలుచనివి, క్షణానికి క్షణం కదిలేవి, సి.టి.లో అవి సరిగా రావు. వాటి విషయంలో ఎకో పరీక్షదే పైచేయి. కణజాలం మెత్తగా ఉందా, కుట్టు నిలుస్తుందా అన్నది ఏ దృశ్యమూ చెప్పదు. సి.టి. వలన ఎదిగే బిడ్డకు కొంత కిరణప్రభావం తప్పదు. ఎం.ఆర్.ఐ.లో కిరణాలు లేవు గాని చాలాసేపు కదలకుండా ఉండాలి, పసిపిల్లలకు మత్తు ఇవ్వవలసి వస్తుంది. పరికరం పెట్టుకున్న కొందరికి తల తిరుగుతుంది. దీని వలన నిశ్చయంగా ఎందరు ఎక్కువగా బ్రతికారు అన్న ప్రశ్నకు ఒక్క అంకెలో జవాబు చెప్పడం తొందరపాటు. వచ్చిన అధ్యయనాలలో ఎక్కువ భాగం కొద్దిమంది రోగులతో జరిగినవే. శస్త్రవైద్యుని అవగాహన పెరిగిందని, కొన్ని సందర్భాలలో చికిత్సా ప్రణాళిక మారిందని అవి చెబుతున్నాయి. “మా దగ్గర వర్చువల్ రియాలిటీ ఉంది” అనే ప్రకటన ఒక్కదానిని చూసి ఆసుపత్రిని ఎంచుకోవడం సరికాదు. ఇటువంటి లోపాన్ని ఆ బృందం ఏడాదికి ఎన్నిసార్లు సరిదిద్దుతున్నది, పిల్లల కోసం ప్రత్యేకమైన తీవ్రచికిత్స విభాగం ఉన్నదా అన్నవి అంతకన్నా ముఖ్యమైన ప్రశ్నలు.

శస్త్రవైద్యునికి కన్నా తల్లిదండ్రులకే ఈ పరికరం ఎక్కువ ఉపకారం చేసే సందర్భం ఒకటి ఉంది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన బాలల ఆసుపత్రిలో వర్చువల్ గుండెను శిక్షణలో ఉన్న వైద్యులకే గాక కుటుంబాలకు వివరించడానికి కూడా రూపొందించారు. రాష్ట్రం వెలుపల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. ఇంట తెలుగు, వీధిలో చెన్నైలోనైతే తమిళం, బెంగళూరులో కన్నడం, షోలాపూరులో మరాఠీ, బరంపురంలో ఒడియా, ఆసుపత్రి కాగితాల మీద ఆంగ్లం. బిడ్డ గుండె కోయడానికి ఒప్పుకుంటున్నామని సంతకం పెట్టవలసిన అంగీకారపత్రం ఇంట మాట్లాడని భాషలో ఉంటుంది. అటువంటి తల్లికి గుండెనే ఎదుట నిలిపి, ఇదిగో ఇక్కడ గోడ లేదు, ఇక్కడ అతుకు వేస్తాము అని చూపిస్తే భాష సగం అక్కర తీరినట్లే. పరికరం లేనిచోట కాగితం మీద గీసి చూపమని, అర్థమయ్యే భాషలో చెప్పించమని అడగడం తల్లిదండ్రుల హక్కు. అడిగితే డాక్టరుగారు ఏమనుకుంటారో అని సంకోచించనవసరం లేదు.

సజీవంగా పుట్టే ప్రతి వెయ్యిమంది శిశువులలో సుమారు 8 నుండి 10 మందికి పుట్టుకతో ఏదో ఒక గుండెలోపం ఉంటుంది. మన దేశంలో ఏటా అటువంటి శిశువులు రెండు లక్షలకు పైగా పుడుతున్నారని అంచనా. వారిలో చాలామందికి కావలసినది వర్చువల్ రియాలిటీ కాదు. లోపం ఉందని సకాలంలో ఎవరో ఒకరు గుర్తించడం. పాలు తాగుతూనే చెమటలు పట్టి మధ్యలో ఆగిపోవడం, పెదవులు, గోళ్లు నీలంగా మారడం, బరువు పెరగకపోవడం, తరచుగా నిమ్ము చేయడం గమనించదగిన గుర్తులు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలను ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలను ఒకసారి సందర్శించి, ఆరు వారాల వయసు నుండి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షిస్తాయి. వారు గుర్తించే లోపాలలో పుట్టుకతో వచ్చే గుండెజబ్బు ఒకటి. అనుమానం తోచిన బిడ్డను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి, అక్కడి నుండి పెద్ద ఆసుపత్రికి పంపుతారు.

పెద్ద ఆసుపత్రి అంటే తెలుగువారికి తరతరాలుగా వేలూరు, చెన్నై. తరువాత బెంగళూరు, పుట్టపర్తి, హైదరాబాదు. ఒకచోట చూపించి, రెండవ అభిప్రాయం కోసం మరొకచోటికి వెళ్లడం కూడా సాధారణమే. ఆ ప్రయాణంలో సంచిలో తప్పక ఉండవలసిన వస్తువు ఒకటుంది. స్కాన్ తీసినచోట పెద్ద ఫిల్ము ఒకటి, ముద్రించిన నివేదిక ఒకటి ఇస్తారు. వాటితోపాటు మూలచిత్రాలన్నీ ఉన్న సి.డి. గానీ పెన్‌డ్రైవ్ గానీ అడిగి తీసుకోవాలి. ఫిల్ము మీద ఉండేది ఎంపిక చేసిన కొన్ని బొమ్మలే; దాని నుండి త్రిమితీయ నమూనా నిర్మించడం సాధ్యం కాదు. సి.డి.లో వందల అడ్డుకోతలూ పూర్తిగా ఉంటాయి. అది చేతిలో ఉంటే రెండవ ఆసుపత్రివారు ఆ చిత్రాల నుండే నమూనా కట్టుకోగలరు. చిత్రాలు సరిపోతే బిడ్డను మళ్లీ స్కాన్ గదికి పంపి, మళ్లీ వర్ణద్రవ్యం ఎక్కించి, మళ్లీ డబ్బు కట్టించుకోవలసిన పని ఉండదు. సి.డి. మీద బిడ్డ పేరు, తీసిన తేదీ వ్రాయించుకుని, గీతలు పడకుండా గట్టి అట్టలో పెట్టి, ఫిల్ముతో కలిపి కాక విడిగా భద్రపరచాలి. వీలైతే మరొక ప్రతి తీయించి ఇంట ఉంచాలి.